కార్డు ఉంది, ఓటు లేదు

ఓటరు గుర్తింపు కార్డు అంటే, చిన్నప్పటినుంచి తనను ఎరిగిన నలుగురు కూర్చున్న గదిలోకి వెళ్లి, తాను తానేనని పౌరుడు నిరూపించుకోవడానికి ఎన్నికల సంఘం ఇచ్చే ఫొటో పత్రం. దాన్ని ఇంట్లో మరిచి వచ్చినవారి మీద దయతలచి సంఘం మరో పన్నెండింటిని ఒప్పుకుంటుంది. 2024 సార్వత్రిక ఎన్నికల నాటి జాబితాలో ఉన్నవి ఇవి: ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, బ్యాంకుదో పోస్టాఫీసుదో ఫొటో ఉన్న పాస్‌బుక్, కార్మిక శాఖ పథకం కింద వచ్చిన ఆరోగ్య బీమా స్మార్ట్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు, జాతీయ జనాభా రిజిస్టరు స్మార్ట్ కార్డు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పింఛను పత్రం, ప్రభుత్వోద్యోగి గుర్తింపు కార్డు, దివ్యాంగుల కార్డు, చివరగా ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీలకిచ్చే అధికారిక కార్డు. కృష్ణా డెల్టాలో ఏ ఇంట్లో బీరువా తెరిచినా ముందు చేతికి తగిలే బియ్యం కార్డు ఇందులో లేదు. ఎమ్మెల్యే కార్డు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది ఓటర్లు 4 కోట్ల 14 లక్షల మంది, ఎమ్మెల్యేలు 175 మంది. వాళ్లను ఎవరూ గుర్తుపట్టరేమోనని సంఘానికి ఎందుకు బెంగ కలిగిందో జాబితాలో రాయలేదు.

బూత్ స్థాయి అధికారి (బీఎల్వో) ఇంటికి తెచ్చి ఇచ్చే ఓటరు చీటీ సంగతి ఇంకా విచిత్రం. అది ఒక్కటే చూపించి ఓటు వేసే సౌకర్యం 2019లో పోయింది. ప్రభుత్వం అచ్చువేసి, ప్రభుత్వ మనిషి చేత పంపించిన కాగితాన్ని పోలింగ్ గదిలో కూర్చున్న ప్రభుత్వోద్యోగి నమ్మడానికి వీల్లేదు. బ్యాంకువాళ్లు ఎప్పుడో ఫొటో అతికించి ముద్ర కొట్టిన పాస్‌బుక్‌ను మాత్రం నమ్మవచ్చు. అమెరికాలో ఉంటూ ప్రవాస ఓటరుగా నమోదైనవారికి ఈ పన్నెండింటిలో పాస్‌పోర్టు తప్ప మరేదీ పనికిరాదు. ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా గుడివాడకో గన్నవరానికో వచ్చి వరసలో నిలబడాలి.

కార్డు పుట్టకముందు కూడా ఓటరును గుర్తుపట్టేవారు. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల నుంచి మూడు దశాబ్దాలపాటు పల్లెల్లో ఆ పనికి కరణం, మునసబు అక్కరకొచ్చేవారు. పొలం గట్టును కాగితం మీదే నాలుగు గజాలు జరపగలిగిన మనిషి ‘వీడు ఫలానావాడేనండీ’ అంటే పోలింగ్ అధికారి తల ఊపేవాడు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం వాళ్ల కొలువులు ఎత్తేసింది. ఆ తరవాత ఈ బరువంతా పార్టీల ఏజెంట్లదే అయింది. ఒక పార్టీ ఏజెంటు అవునంటే రెండో పార్టీ ఏజెంటు కాదనడం ధర్మం కాబట్టి, ఇద్దరూ నోరు మెదపలేదంటే వచ్చినవాడు అసలు ఓటరే అయి ఉండాలి, లేదా ఇద్దరికీ పొద్దున్నే రాజీ కుదిరి ఉండాలి. 1962 నుంచి చెరగని సిరా తోడైంది. మైసూరులో తయారయ్యే ఆ సిల్వర్ నైట్రేట్ చుక్క పేరు అడగదు, తండ్రి పేరు అడగదు, ఇప్పటికే ఓటు వేశాడా లేదా అన్నదొక్కటే చెబుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత నికార్సుగా పనిచేసిన సాధనం మన ఎన్నికల చరిత్రలో మరొకటి లేదు.

కార్డు ఆలోచనకు ఊపు తెచ్చినవారు టి.ఎన్.శేషన్. 1990 డిసెంబరు నుంచి ఆరేళ్లు ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఉన్న ఆయన 1993లో ఫొటో కార్డులకు ఆదేశమిచ్చారు. ఇవ్వకపోతే 1995 జనవరి 1 తరవాత ఎన్నికలే జరపనని ప్రభుత్వాలను బెదిరించారు. గడువు దాటింది. కార్డులు పూర్తికాలేదు. ఎన్నికలు ఆగలేదు. కెమెరావాళ్లు ఊరూరా తిరిగి, బడి గోడకు తెల్లగుడ్డ కట్టి తీసిన నలుపు తెలుపు ఫొటోలలో చాలావాటిలో ఓటరు కన్నా ఆ గుడ్డే స్పష్టంగా పడింది. ఆ కార్డులు చాలా ఇళ్లలో ఇంకా ఉన్నాయి. 2021 జనవరి 25న ఫోన్లో దించుకునే ఎలక్ట్రానిక్ కార్డు వచ్చింది. దాన్ని ఓటరే కాకుండా మరెవరెవరు దించుకున్నారో తరవాత చూడవచ్చు.

పోలింగ్ గదిలో జరిగే తంతు ఇలా ఉంటుంది. అవనిగడ్డ వైపు ఏదో ఊరి బడి అనుకుంటే, మొదటి పోలింగ్ అధికారి చేతిలో ఫొటోలతో సహా ఓటర్ల జాబితా. ఎదురుగా బల్ల మీద మూడు పార్టీల ఏజెంట్లు, వాళ్ల దగ్గరా అదే జాబితా. ఎనభై ఏళ్ల పెద్దావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని గుమ్మం దాటగానే ముగ్గురు ఏజెంట్లలో ఒకడు ‘రా పిన్నీ’ అంటాడు, ఇంకొకడు లేచి కుర్చీ చూపిస్తాడు. వేరే మండలం నుంచి డ్యూటీకి వచ్చిన అధికారి మాత్రం కార్డు తీసుకుని ఫొటో చూస్తాడు, ముఖం చూస్తాడు, మళ్లీ ఫొటో చూస్తాడు.

‘ఫొటోలో ఉన్నది మీరేనా అమ్మా?’

‘అప్పుడు నేనే నాయనా.’

గది నవ్వుతుంది, అధికారీ నవ్వుతాడు. క్రమసంఖ్య, పేరు పైకి చదువుతాడు. ఏజెంట్లు జాబితాలో గీత కొడతారు. రెండో అధికారి 17ఏ రిజిస్టరులో సంతకమో వేలిముద్రో తీసుకుని, ఏ పత్రం చూపించారో రాసుకుని, ఎడమచేతి చూపుడువేలికి సిరా పెడతాడు. రిజిస్టరులో రాసేది, ఓటరు కార్డైతే ఆ మాటకు రెండక్షరాలు, వేరే కార్డైతే దాని నంబరులో చివరి నాలుగంకెలు. ఈ మొత్తంలో ఆవిడను నిజంగా గుర్తుపట్టింది ‘పిన్నీ’ అన్నవాడు. రిజిస్టరులో ఆ మాట రాసుకునే గడి లేదు.

వచ్చినవాడు అసలు ఓటరు కాదని ఏజెంటుకు అనుమానం వస్తే చట్టంలో దానికీ దారి ఉంది. రెండు రూపాయలు కట్టి సవాలు చెయ్యాలి. ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారిస్తాడు. సవాలు నెగ్గితే దొంగ ఓటరును పోలీసులకు అప్పగిస్తారు, ఊరికే అల్లరికి చేశాడని తేలితే రెండు రూపాయలూ ప్రభుత్వానికి జమ. 1961 నిబంధనల్లో రాసిన మొత్తం ఈనాటికీ అంతే ఉంది. దేశంలో ధర పెరగనిది ఇదొక్కటే కావచ్చు. 2024 మే 13న హైదరాబాద్ లోక్‌సభ బీజేపీ అభ్యర్థి మాధవీలత పోలింగ్ కేంద్రంలో బురఖా వేసుకున్న మహిళల కార్డులు తానే తీసుకుని, ముసుగు తీయించి చూశారు. ముఖం చూడటానికి మహిళా పోలింగ్ అధికారిని పెట్టే ఏర్పాటుంది. ఏజెంటు చేత రెండు రూపాయలు కట్టించే ఏర్పాటూ ఉంది. ఆ రెండు రూపాయలు మిగుల్చుకున్నందుకు మలక్‌పేట పోలీసుల కేసు వచ్చింది.

మరి తన ఓటు ముందే ఎవరో వేసేసి ఉంటే? అసలు ఓటరుకు టెండర్ బ్యాలెట్ ఇస్తారు. ‘సర్కార్’ సినిమాలో విజయ్ ఈ నిబంధన పట్టుకుని రాష్ట్రాన్నే కుదిపేస్తాడు. సినిమా చెప్పనిదేమిటంటే, ఆ బ్యాలెట్‌ను కవరులో పెట్టి సీలు వేస్తారు గాని మామూలు లెక్కింపులో కలపరు. దొంగ వేసిన ఓటు యంత్రంలో లెక్కకు వస్తుంది. అసలువాడిది కవరులో భద్రంగా ఉంటుంది.

ఇంతకీ కార్డు వల్ల ఆగే నేరం ఏమిటంటే, ఒకడు మరొకడి పేరు చెప్పి గదిలోకి రావడం. పట్టుబడితే ఏడాది దాకా జైలు. లాభం ఒక్క ఓటు. ఎండలో రెండు గంటలు నిలబడి, ముగ్గురు ఏజెంట్ల ముందు నటించి, వేలిమీద వారాలపాటు చెరగని సాక్ష్యం వేయించుకుని చేయాల్సిన దొంగతనం ఇది. బుర్ర ఉన్న దొంగ ఎవడూ ఈ వృత్తిలోకి రాడు. బుర్ర ఉన్నవాళ్లు ఏం చేస్తారో తిరుపతి చూపించింది.

2021 ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభకు ఉపఎన్నిక జరిగింది. బయటి ఊళ్లనుంచి బస్సుల్లో దొంగ ఓటర్లను దించారని ప్రతిపక్షాలు గోలపెట్టాయి. వరసలో ఉన్న కొందరు టీవీ కెమెరాల ముందు తమ తండ్రి పేరు, భర్త పేరు చెప్పలేక నీళ్లు నమిలారు. కార్డు లేకుండా వచ్చి దొరికిపోయారనుకుంటే పొరపాటు. వాళ్ల చేతుల్లో కార్డులున్నాయి. సమస్యల్లా అదే. ఆ నియోజకవర్గపు నమోదు అధికారి లాగిన్ వాడి 30 వేలకు పైగా ఓటరు కార్డులు డౌన్‌లోడ్ చేశారన్న అభియోగం మీద 2024 జనవరిలో ఒక ఐఏఎస్ అధికారిని సస్పెండ్ చేశారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. ఇక్కడ రెండేళ్ల తొమ్మిది నెలలు పట్టింది. వీధి గుమ్మానికి పన్నెండు తాళాలు వేసి పెరటి తలుపు బార్లా తీసిన ఇంట్లో, తాళాలు గట్టివేనని కాపలావాడు చెబితే కాదనలేం. అవి నిజంగానే గట్టివి.

ఓటు పోవడానికి అసలు దారి పోలింగ్ గది కాదు, జాబితా. సంఘమే ప్రతి ఎన్నికకూ చెబుతుంది: కార్డు ఉన్నంత మాత్రాన ఓటుండదు, జాబితాలో పేరుండాలి. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ పోలింగు రోజు లక్షల మందికి ఈ వాక్యం అర్థమైంది. కార్డు చేతిలో ఉంది, పేరు జాబితాలో లేదు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాలదీ అదే అనుభవం. ఆధార్‌తో సరిచూసి జాబితాను శుద్ధిచేసే కార్యక్రమం 2015లో మొదలై, ఆ ఆగస్టులోనే సుప్రీంకోర్టు ఆపమంటే ఆగింది. అప్పటికి ఊడినవి ఊడాయి. పోలింగ్ అయ్యాక రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. క్షమాపణకు ఏ గుర్తింపు పత్రమూ అక్కర్లేకపోయింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ మరుసటి ఏడాదే ఫారం-7 వంతు వచ్చింది. ఫలానా ఓటరు చనిపోయాడనో, ఊళ్లో ఉండటం లేదనో చెప్పి పేరు తీసెయ్యమని పెట్టే అర్జీ ఇది. 2019 ఎన్నికల ముందు ఇవి లక్షల్లో వచ్చిపడ్డాయి. ఎక్కువభాగం ఆన్‌లైన్‌లో వచ్చాయి. అర్జీదారుగా పేరున్నవాళ్లలో చాలామంది తామసలు పెట్టనేలేదన్నారు. బతికున్నవాళ్లు బతికే ఉన్నామని చెప్పుకోవడానికి తహసీల్దారు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఉరవకొండలో వేల ఓట్లు తీసేసిన వ్యవహారంలో 2023లో జిల్లా పరిషత్ సీఈవో స్థాయివాళ్లు సస్పెండయ్యారు. గుర్తించాల్సిన విషయం ఒకటుంది. ఓటు వేసేవాడు ముఖం చూపించాలి, కార్డు చూపించాలి, వేలు చూపించాలి. పక్కవాడి ఓటు తీసెయ్యమనేవాడు అప్పట్లో కంప్యూటరు ముందు కూర్చుంటే సరిపోయింది.

రెండో రకం రోగం రెండు ఓట్లు. కూకట్‌పల్లిలో ఒకటి, కంకిపాడులో ఒకటి. 2024 మే 13 పోలింగ్‌కు ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర విజయవాడ వైపు బారులు తీరిన కార్లన్నిటిలో ఇలాంటివాళ్లే ఉన్నారని కాదు. సొంతూళ్లో ఉన్న ఒక్క ఓటు కోసం వందల మైళ్లు వచ్చినవాళ్లే ఎక్కువ, వాళ్లూ కలిసి రాష్ట్రంలో పోలింగ్ ఎనభై శాతం దాటింది. కాని ఉన్నవాళ్లున్నారు. తెలంగాణ శాసనసభకు 2023 నవంబరు 30న పోలింగ్, ఆంధ్రప్రదేశ్‌కు ఐదున్నర నెలల తరవాత. సిరా ఆ లోపే గోరుతో పాటు పెరిగి పోతుంది. ఇలాంటి ఓటరుకు కార్డు అడ్డంకి కాదు, ఆయుధం. రెండుచోట్లా కార్డు అసలుదే, ఫొటో అతనిదే, సంతకమూ అతనిదే. ఒక నియోజకవర్గానికి మించి పేరుండకూడదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉంది. ఒకే కార్డు నంబరు వేర్వేరు రాష్ట్రాల్లో ఇద్దరికి ఉందని 2025 మార్చిలో రచ్చయితే, నంబరు కలిసినంత మాత్రాన దొంగ ఓటర్లు కారని సంఘం వివరణ ఇచ్చింది. నిజమే కావచ్చు. మనిషికొక నంబరిచ్చి గుర్తుపట్టడం ఈ ఏర్పాటు ఉద్దేశమని మాత్రం అంతకుముందు అందరూ పొరబడ్డారు.

తప్పుల్లేని ఓటర్ల జాబితా అసలు సాధ్యమేనా అన్న సందేహం ఉన్నవాళ్లు డెల్టాలో పోలింగ్ ముందు రెండు రాత్రులూ గమనిస్తే చాలు. పార్టీల దగ్గర డబ్బు పంపకం జాబితా అని ఒకటుంటుంది. అందులో చనిపోయినవాడు ఉండడు. బెంగుళూరు వెళ్లిన కుర్రాడి పేరు పక్కన ‘వస్తేనే’ అని రాసి ఉంటుంది. విజయవాడ కృష్ణలంకలో ఇల్లు ఖాళీచేసి సింగ్‌నగర్ పోయినవాళ్ల పేరు ఎదుట కొత్త ఇంటి గుర్తు, అక్కడి వాటర్ ట్యాంకుతో సహా. అత్తవారింటికి వెళ్లిన పిల్ల ఓటు ఇంకా ఇక్కడే ఉందా, అక్కడికి మారిందా అన్నదీ తెలుసు. కవరు ఇచ్చేవాడు ఆధార్ అడగడు, కార్డు అడగడు, ఇవ్వాల్సినవాడికి తప్ప ఇవ్వడు. ఒక్క కవరు దారి తప్పితే పైవాడికి లెక్క చెప్పుకోవాలి కాబట్టి. తమకు అందలేదని ఓటర్లే నిరసనకు దిగిన వార్తలు 2024లో పత్రికల్లో వచ్చాయి. అంటే ఈ జాబితాపై అభ్యంతరాలు చెప్పుకునే పద్ధతి కూడా అధికారిక జాబితా కన్నా చురుగ్గా పనిచేస్తోందన్నమాట. చట్టవిరుద్ధమైన పని ఇంత నిక్కచ్చిగా, చట్టబద్ధమైన పని అంత అడ్డదిడ్డంగా సాగడానికి కారణం సాంకేతికం కాదు.

చదువుకున్న ఓటరైతే ఇన్ని తిప్పలుండవనేవారు కృష్ణా-గుంటూరు పట్టభద్రుల నియోజకవర్గం చూడవచ్చు. అక్కడ ఓటరు కావాలంటే డిగ్రీ పత్రమే చూపించాలి. 2025 ఫిబ్రవరి 27న జరిగిన ఆ ఎన్నికలో వేల ఓట్లు చెల్లలేదు. పత్రం చూపించడం వచ్చింది, బ్యాలెట్ మీద ప్రాధాన్య అంకె వెయ్యడం రాలేదు.

కార్డుకున్న గౌరవం ఎంతో బీహారు తేల్చింది. 2025 జూన్ 24న అక్కడ జాబితా ప్రత్యేక సమగ్ర సవరణకు ఆదేశమిస్తూ సంఘం పదకొండు పత్రాలు చెప్పింది. అందులో ఆధార్ లేదు, రేషన్ కార్డు లేదు, సంఘం తానే అచ్చువేసి ఇచ్చిన ఓటరు కార్డూ లేదు. మూడు దశాబ్దాలు ఓటరును అనుమానించడానికి పనికొచ్చిన కార్డు, అతన్ని ఓటరుగా ఒప్పుకోవడానికి పనికిరాలేదు. ఆగస్టు 1న ముసాయిదా వచ్చేసరికి 65 లక్షల పేర్లు లేవు. సుప్రీంకోర్టు చెబితే సెప్టెంబరులో ఆధార్ పన్నెండో పత్రమైంది.

ఈ జాడ్యం మన దేశానికే పరిమితం కాదు. బ్రిటన్‌లో 2019లో మరొకరి పేరుతో పోలింగ్ కేంద్రంలో ఓటేసిన నేరానికి శిక్ష పడింది ఒక్కరికి. దాన్ని అరికట్టాలని బోరిస్ జాన్సన్ ప్రభుత్వం 2022లో గుర్తింపు పత్రం తప్పనిసరి చేసింది. 2023 మే నెల స్థానిక ఎన్నికల్లో పత్రం లేక వెనుదిరిగి మళ్లీ రానివారు 14 వేల మంది. ముసలివాళ్ల బస్ పాస్ చెల్లుతుంది, కుర్రవాళ్ల రైలు కార్డు చెల్లదు. 2024 మే 2న జాన్సన్ స్వయంగా ఓటుకు వెళ్లి, పత్రం మరిచిపోయి, తన పేరున్న పత్రిక కవరు చూపించి, వెనక్కి తిరిగారు. ప్రధానిగా పనిచేసిన మనిషి ముఖం పోల్చుకోలేని అమాయకులు కారు అక్కడివాళ్లు. చట్టం ఆయనదే. టెక్సాస్‌లో 2011 చట్టం తుపాకీ లైసెన్సును ఒప్పుకుంది, విద్యార్థి కార్డును ఒప్పుకోలేదు. ఎవరి చేతిలో ఏ కార్డు ఉంటుందో తెలిసినవాళ్లే జాబితా రాస్తారు.

ఎమ్మెల్యే కార్డు సంగతి ఇక్కడ మళ్లీ అవసరం. 2024 మే 13న తెనాలిలో వరస తప్పించి లోపలికి వెళ్తున్న అప్పటి ఎమ్మెల్యేను ఒక ఓటరు అడ్డుకున్నాడు. ఎమ్మెల్యే చెంప మీద కొట్టారు. ఓటరు అదే వేగంతో తిరిగి కొట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు కార్డు అడగలేదు. అదే రోజు పల్నాడులోని పాల్వాయిగేటు కేంద్రంలో ఈవీఎంను నేలకేసి కొట్టిన దృశ్యంలో అప్పటి మాచర్ల ఎమ్మెల్యే వెబ్ కెమెరాకు చిక్కారు. ఆ కెమెరా పన్నెండు పత్రాల్లో లేదు, అయినా గుర్తుపట్టింది.

కార్డు కావాలనేవారి వాదనలో బలమైనది ఒకటుంది. 2019లో విజయవాడ సెంట్రల్ ఫలితం 25 ఓట్ల తేడాతో తేలింది. అలాంటిచోట పాతికమంది దొంగ ఓటర్లు చాలు కదా అంటారు. చాలు. పాతికమంది అసలు ఓటర్ల పేర్లు జాబితాలోంచి పోయినా చాలు. మొదటి పాతికమందిని ఆపడానికి ప్రతి గదిలో అధికారులు, ఏజెంట్లు, సిరా, రిజిస్టరు, కెమెరా, పదమూడు రకాల కార్డులు. రెండో పాతికమందిని కాపాడటానికి ఉన్నది ఆ పాతికమందే. కార్డు ఎక్కడుందో పోలింగ్ రోజు పొద్దున వెతుక్కోవచ్చు, ఒకటి దొరక్కపోతే ఇంకొకటి తీసుకెళ్లవచ్చు. జాబితాలో పేరుందో లేదో మాత్రం ఎన్నికల ప్రకటన రాకముందే చూసుకోవాలి. నామినేషన్ల చివరి రోజు దాటాక కొత్త పేరు చేర్చడానికి 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 23వ సెక్షను ఒప్పుకోదు.